గీజరు వాల్వు కారుతుంటే ఏం చేయాలి?

ప్రశ్న: మా ఇంట్లో 25 లీటర్ల గీజరు ఉంది. కొన్ని వారాలుగా దాని అడుగున, చల్లనీళ్ల పైపు కలిసేచోట ఉన్న సేఫ్టీ వాల్వు నుంచి నీరు చుక్కలు చుక్కలుగా కారుతోంది. రాత్రంతా స్విచ్ ఆపి ఉంచినా తెల్లవారేసరికి కింద పెట్టిన మగ్గు నిండుతోంది. మాది బోరు నీరు, ట్యాంకు మిద్దె మీద ఉంది. గీజరే మార్చాలని ఒకరు, వాల్వు మారిస్తే చాలని మరొకరు అంటున్నారు. ఏది నిజం? ఆ పని మేమే చేసుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి పాడైనది వాల్వే, గీజరు మార్చనక్కరలేదు. వాల్వు కారడమే లోపమని చాలామంది అనుకుంటారు గానీ, అది ఎప్పుడు కారుతోందన్నదే చూడవలసిన సంగతి. 20 డిగ్రీల నీటిని 70 డిగ్రీల దాకా కాస్తే దాని పరిమాణం సుమారు 2 శాతం, అంటే మీ గీజరు ట్యాంకులో దాదాపు అర లీటరు పెరుగుతుంది. వేడినీరు చల్లనీళ్ల పైపులోకి వెనక్కి పోకుండా ఈ వాల్వే అడ్డుకుంటుంది కనుక, కుళాయిలు కట్టేసి ఉన్నప్పుడు పెరిగిన నీటికి వేరే దారి లేక లోపలి పీడనం ఎక్కువై, వాల్వు తెరుచుకుని కొంత నీటిని వదులుతుంది. నీరు కాగేటప్పుడు మాత్రమే కారి, ఆ తర్వాత ఆగిపోతే దాన్ని కదిలించవద్దు.

మీ ఇంట్లో జరుగుతున్నది అది కాదు. మన గీజర్లకు సాధారణంగా వచ్చే వాల్వు 8 బార్ల పీడనం వద్ద తెరుచుకుంటుంది. పది మీటర్ల ఎత్తున నీరు నిలిస్తే కలిగే పీడనం సుమారు 1 బార్ మాత్రమే కాబట్టి, మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చేది ఏ మూలకూ చాలదు. గీజరు చల్లారాక కూడా కారుతోందంటే లోపలి రబ్బరు వాషరు అరిగిందనో, దాని కింద సున్నపు గార చిక్కుకుందనో అర్థం. సబ్బు సరిగా నురగ రాని బోరు నీటితో ఈ బెడద మరీ ఎక్కువ. ముందుగా వాల్వు మీది చిన్న మీటను రెండు మూడుసార్లు ఎత్తి వదలండి. గార కొట్టుకుపోయి కారడం ఆగినా ఆగవచ్చు. పాత వాల్వు ఒక్కోసారి ఆ తర్వాత అసలే మూసుకోదు గనుక, కొత్తది తెచ్చుకున్నాకే ఈ ప్రయత్నం చేయడం మేలు. పాతదాన్నో దాని ఫొటోనో దుకాణానికి తీసుకెళ్లి, అదే సైజు మరలు, అదే పీడనం ఉన్నదాన్ని అడగండి.

మార్చే ముందు స్విచ్ ఒక్కటే కాక, బోర్డులో గీజరు ఎంసీబీ (ఆ లైనుకు కరెంటు ఆపే మీట) కూడా ఆపాలి. నీరు పూర్తిగా చల్లారాక గీజరులోకి వెళ్లే చల్లనీళ్ల పైపు కుళాయి కట్టేసి, వేడినీళ్ల కుళాయి తెరిచి, వాల్వు మీట ఎత్తి ట్యాంకును బకెట్లలోకి ఖాళీ చేయండి. గొట్టం విప్పి, ఒక స్పానరుతో ట్యాంకు నిపుల్‌ను (వాల్వు బిగించే పొట్టి పైపు ముక్కను) కదలకుండా పట్టుకుని, రెండోదానితో వాల్వును తిప్పండి. నిపుల్ మెలిపడితే అప్పుడు నిజంగానే గీజరు మార్చవలసి వస్తుంది. మరలకు టెఫ్లాన్ టేపు చుట్టి, వాల్వు మీది బాణం గుర్తు ట్యాంకు వైపు ఉండేలా బిగించండి. చివరగా, వేడినీళ్ల కుళాయిలో గాలి పోయి నీరు ధారగా వచ్చేదాకా కరెంటు ఇవ్వవద్దు. ఖాళీ ట్యాంకులో కాయిల్ వెంటనే కాలిపోతుంది. తుప్పుతో మరలు కదలకపోతే బలం చూపక ప్లంబరును పిలవండి.

ప్రశ్న: మా గీజరు వాల్వు కారుతుంటే ప్లంబరు ఆ రంధ్రానికి ప్లగ్ బిగించి వెళ్లాడు. ఇప్పుడు చుక్క కూడా రావడం లేదు. ఇలాగే వాడవచ్చా?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఒక్కరోజు కూడా వాడవద్దు, ఇప్పుడే ఎంసీబీ ఆపండి. నీరు కాగాక కరెంటు ఆపే థర్మోస్టాట్ చెడి, దానికి తోడుగా ఉండే, అతిగా వేడెక్కితే కరెంటు ఆపే కటౌట్ కూడా పనిచేయకపోతే, పీడనంలో ఉన్న నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా వేడెక్కుతూనే ఉంటుంది. ట్యాంకు పగిలిన క్షణంలో అందులో కొంత నీరు ఒక్కసారిగా ఆవిరవుతుంది; ఆవిరైన నీరు తన పరిమాణానికి సుమారు 1,600 రెట్లు ఉబ్బుతుంది. దాన్ని ఆపే చివరి అడ్డు ఆ రంధ్రమే. చల్లారాక ప్లగ్ తీయించి, కొత్త వాల్వు వేయించండి. తడి ఇబ్బంది అనుకుంటే వాల్వు మూతికి వేడిని తట్టుకునే సన్నని గొట్టం తొడిగి, కిందివైపు వాలుగా బాత్రూం జాలీ దాకా తీసుకెళ్లి, దాని చివరను తెరిచే ఉంచండి.