అన్న బతుకమ్మకు తోలుకపోలేదు

ప్రశ్న: మేడం, మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. నాకు 44 ఏండ్లు. ఒక బిడ్డ, ఒక కొడుకు. బిడ్డ బీఎస్సీ నర్సింగ్ చదివి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుంది, 23 ఏండ్లు. మా అన్న కొడుకు మిర్యాలగూడలో రైస్ మిల్లులో సూపర్‌వైజర్. బిడ్డ ఓణీల ఫంక్షన్ నాడే మా అన్న నలుగురిలో ‘ఇది నా కోడలు’ అన్నడు. నేను నవ్విన. బోర్లు ఎండి బత్తాయి తోట పోయిన ఏడు అన్ననే మూడు లక్షలు ఇచ్చి మమ్మల్ని నిలబెట్టిండు. కాగితం లేదు, మిత్తి అడగలేదు. ఇప్పుడు బిడ్డ బావను చేసుకోనంటుంది. హాస్టల్‌లో ఉత్తరాది పిల్లలు ‘మామ కొడుకంటే అన్న కదా, ఛీ’ అన్నరట. రోగాల పిల్లలు పుడతరని కూడా అంటుంది. వదిన మాట్లాడుతలేదు. ఈసారి బతుకమ్మకు అన్న నన్ను తోలుకపోవడానికి రాలేదు. నా పెండ్లయినంక ఇదే మొదటిసారి. మా ఆయన ‘నీ అన్న, నీ బిడ్డ, నువ్వే తేల్చుకో’ అంటడు. తల్లిగారిల్లు పోగొట్టుకోవాల్నా, బిడ్డను ఒప్పించాల్నా?

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరంలో పెండ్లి గురించి, అప్పు గురించి చాలా రాశారు. అన్న రాలేదన్నది మాత్రం ఒక్క ముక్కలో రాసి దాటేశారు. నేను అక్కడే ఆగిపోయాను. సద్దుల నాడు వాకిట్లో అందరూ పూలు పేరుస్తుంటే, వీధి మలుపులో బండి చప్పుడు వినపడ్డప్పుడల్లా మీరు తలెత్తి చూసి ఉంటారు. ఆ బాధతోనే మీ బిడ్డ సంగతి తేల్చాలని చూస్తున్నారు. ముందు ఈ రెంటినీ విడదీద్దాం.

హాస్టల్ మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే అది మీ మనసును బాగా గుచ్చినట్టుంది. ఆ పిల్లలు వాళ్ల ఇండ్లలో విన్నదే అన్నారు. హర్యానా, పశ్చిమ యూపీ వైపు తండ్రి గోత్రంలోనే కాదు, తల్లి గోత్రంలో కూడా పెండ్లి చేసుకోరు. చాలాచోట్ల సొంత ఊరి పిల్లనే చేసుకోరు, ఊరంతా అన్నాచెల్లెళ్ల లెక్క. అక్కడ మామ కొడుకు నిజంగానే అన్న. మన దగ్గర మామ కొడుకు బావ, చిన్నాయన కొడుకు అన్న. చిన్నాయన కొడుకుతో పెండ్లి మాట ఎత్తితే మనం కూడా ‘ఛీ’ అంటాం. అదే దేవరకొండలో మీకు తెలిసిన ముస్లిం ఇంట్లో అడగండి, చాచా బిడ్డతో నిఖా మామూలు సంగతి. అరబ్బు దేశాల్లోనైతే చిన్నాన్న కూతురిని చేసుకునే మొదటి హక్కు అన్న కొడుకుదే అనే ఆచారం చాలాకాలం నడిచింది. ఇంగ్లిషువాళ్లకు వీళ్లందరూ ‘కజిన్’లే, తేడానే లేదు. జీవుల పరిణామం గురించి అంత చదివిన చార్లెస్ డార్విన్ 1839లో చేసుకున్నది మేనమామ కూతురు ఎమ్మానే. చైనాలో 1980 నాటి వివాహ చట్టం ఇట్లాంటి పెండ్లిళ్లను నిషేధించింది. అమెరికాలో సుమారు సగం రాష్ట్రాల్లో చెల్లవు, మిగతా చోట్ల చెల్లుతాయి. మన 1955 హిందూ వివాహ చట్టం కూడా దగ్గరి వరసల్ని నిషేధిస్తూనే, వాళ్ల ఆచారం ఒప్పుకుంటే చెల్లుతుందని ఒక వెసులుబాటు పెట్టింది. ఆ వెసులుబాటు మనలాంటి వాళ్లకు పనికొచ్చేదే.

కాబట్టి హాస్టల్ పిల్లలు అన్న ‘ఛీ’ మాటను మీ బిడ్డ తన మాటగా చేసుకోవద్దు. మీ అమ్మానాన్నలది మేనరికమే అయితే (మీ వయసు వాళ్ల ఇండ్లలో చాలా వరకు ఉంటుంది) ఆ మాట వాళ్లకు కూడా తగులుతుంది.

మేనరికం ఎందుకు పుట్టిందో కూడా మీ బిడ్డకు తెలియాలి. ఇరావతి కర్వే 1953లో దేశంలోని బంధుత్వాల మీద రాసిన పుస్తకంలో ఉత్తరాదికి, దక్షిణాదికి ఉన్న ఈ తేడాను వివరంగా చెప్పింది. అక్కడ పెండ్లికూతురు ముక్కూమొహం తెలియని ఊరికి ముసుగేసుకుని పోతుంది. ఇక్కడ తెలిసిన ఇంటికే, చిన్నప్పుడు సెలవులకు పోయిన ఇంటికే పోతుంది. 1983లో డైసన్, మూర్ అనే ఇద్దరు పరిశోధకులు, దక్షిణాది ఆడవాళ్ల మాట ఇంట్లో కొంత ఎక్కువ చెల్లడానికి తల్లిగారింటితో సంబంధం తెగకపోవడం కూడా ఒక కారణమన్నారు. మా అక్కది మేనరికమే. తొలి కాన్పులో మేనత్తే దగ్గరుండి పొద్దూమాపూ నీళ్లు పోసింది, పథ్యం పెట్టింది. ‘పరాయి అత్త ఇంత చేస్తదా’ అని మా అమ్మ చివరిదాకా అనేది.

కానీ మా చిన్నమ్మ బిడ్డది కూడా మేనరికమే. ఆమె దెబ్బలు తిని వచ్చినప్పుడు వాళ్లమ్మ అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే: ‘నా తమ్ముని మీద నేను పంచాయితీ ఎట్ల పెట్టాలె?’ బయటి సంబంధమైతే తల్లి కొంగు దోపుకుని పోయి వియ్యపురాలితో కొట్లాడుతుంది. మేనరికంలో వియ్యంకుడు ఆమె సొంత తోబుట్టువు. బిడ్డ కష్టం చెప్పుకోవడానికి వచ్చే గడప, ఆ కష్టం పెట్టిన గడప ఒకటే అయిపోతాయి. అందరి ఇండ్లలో ఇట్లా జరుగుతుందని అనను. ఇష్టపడి చేసుకున్న మేనరికాలు హాయిగా ఉన్నవి నేను ఎన్నో చూశాను. ఇష్టం లేకుండా చేసినప్పుడే మధ్యలో నలిగేది తల్లి. ఇప్పుడు మీరు ఒక్క పండుగకు నలిగారు. రేపు బిడ్డను ఒప్పించి ఇస్తే, ఆ ఇంట్లో చిన్న మాట తేడా వచ్చినా ఫోన్ మీకే వస్తుంది, ఇటు నుంచి బిడ్డది, అటు నుంచి వదినది.

ఇక వరస సంగతి. మీ అన్న ‘బావ వరస ఉంది కదా’ అంటాడు. ఉంది. లూయిస్ హెన్రీ మోర్గాన్ అనే అమెరికన్ 1871లో ప్రపంచం నలుమూలల బంధుత్వపు పిలుపుల్ని ఒక పుస్తకంలో చేర్చాడు, అందులో తెలుగు పిలుపులు కూడా ఉన్నాయి. న్యూయార్క్ వైపు ఉండే సెనెకా అనే ఆదివాసుల పిలుపులు మన తమిళ, తెలుగు పిలుపులకు దగ్గరగా కనిపించి ఆయన ఆశ్చర్యపోయాడు. వాళ్లకు కూడా తండ్రి అన్నదమ్ముల పిల్లలు తోబుట్టువులే, మేనమామ పిల్లలు వేరు. కానీ మేనమామ పిల్లల్ని చేసుకోవడం వాళ్ల ఆచారం కాదు. వరస ఉంటే పెండ్లి కుదుర్చుకోవచ్చు, అంతే. కుదిరిందని కాదు. మన ఊర్లలో కూడా బావ వరస అయ్యేవాళ్లు పదిమంది ఉంటారు, ఆ పదిమందికీ పిల్లనియ్యం కదా.

రోగాల సంగతిలో మాత్రం మీ బిడ్డ కొంత నిజం చెప్పింది, కొంత భయపెట్టింది. నర్సు కాబట్టి అంకెలు చెబితే అర్థం చేసుకుంటుంది. ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో వేల మంది పిల్లల్ని పుట్టినప్పటి నుంచి గమనించి 2013లో ఫలితాలు ప్రచురించారు. బయటి సంబంధాల్లో పుట్టుకతో వచ్చే లోపాలు వందకు సుమారు మూడు, దగ్గరి రక్తసంబంధాల్లో సుమారు ఆరు. ప్రమాదం రెట్టింపే, అయినా ఎక్కువ మంది పిల్లలు మామూలుగానే పుడతారు. తరం తర్వాత తరం మేనరికాలే చేస్తూ పోతే, లేదా మేనమామకే మేనకోడలిని ఇస్తే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మేనరికం చేసుకోవాలనుకునే వాళ్లు ముందే హైదరాబాద్ నిమ్స్‌లో జెనెటిక్స్ విభాగానికి పోయి ఒకసారి మాట్లాడటం మంచిది. మీ బిడ్డకు ఆ అవసరం లేదు, ఎందుకంటే ఆమెకు ఇష్టం లేదు. ‘చేసుకోను’ అన్న మాటకు ఆమె సైన్సును అడ్డం పెట్టుకోవాల్సిన పని లేదు. ఆ మాట ఒక్కటే చాలని మీరు చెప్పండి. బలవంతంగా ఒప్పించి చేసిన పెండ్లిని రద్దు చేయమని కోర్టును అడిగే హక్కు ఆమెకు చట్టంలోనే ఉంది, మరి తల్లి దగ్గర ఉండొద్దా?

మీరు నవ్వారు కదా, ఆ నవ్వు దగ్గరికి వస్తాను. అన్న ‘నా కోడలు’ అన్నప్పుడు నవ్వడం మాట ఇవ్వడం కాదు. అయినా ఆ రోజు నుంచి ఆయన ఆశ పెట్టుకున్నాడు, మీరు వద్దనలేదు. తర్వాత ఆయన దగ్గర మూడు లక్షలు తీసుకున్నారు, అప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆయన మోసపోయానని అనుకుంటే నేను తప్పు పట్టను. మీరు క్షమాపణ చెప్పాల్సింది అక్కడ. పెండ్లి కాదన్నందుకు కాదు, ఇన్నేండ్లు నోరు విప్పనందుకు.

పోయేటప్పుడు ఒంటరిగా పోవద్దు, బిడ్డను తీసుకపోవద్దు. మీ ఆయనతో కలిసి పొండి. ‘నీ అన్న, నీ బిడ్డ’ అన్న మాట ఆయనకు చెల్లదు, ఎండిన తోట ఆయనది, నిలబడ్డది ఆయన ఇల్లు. ఏ పెండ్లిలోనో దినంలోనో నలుగురి మధ్య మాట్లాడొద్దు. మామూలు రోజు పొద్దున అన్న ఇంట్లో ఉండే వేళ చూసుకోండి. మొదట అప్పు మాట, తర్వాతే పిల్ల మాట. రెండూ కలిపితే ‘పిల్లనియ్యక పైసలు ఇస్తుండ్రు’ అని ఆయనకు వినపడుతుంది. నేనైతే ఇట్లా అంటాను: ‘అన్నా, నువ్వు ఇయ్యకపోతే ఆనాడే మేం ఊరిడిచి పోయేటోళ్లం. అది పైసలతోని తీరేది కాదు. అయినా పైసలు పైసలే, ఆరు నెలలకింత చొప్పున కడతం, ఇగో మొదటిది.’ ఇరవై వేలో ముప్పై వేలో, మీ చేతిలో ఉన్నంత పట్టుకపొండి. ఉత్త చేతులతో ఈ మాట అనొద్దు.

తర్వాత పిల్ల సంగతి: ‘పిల్ల కాదంటుంది, నేను బలవంతం చేయ. ముందుగాల్నే చెప్పకపోవుడు నా తప్పు.’ ఇంతే. చదువు, ఉద్యోగం, హైదరాబాద్, రోగాలు ఏవీ ఎత్తొద్దు. ఒక్కో కారణం చెప్పిన కొద్దీ ఆయన ఒక్కోదానికి జవాబు చెప్తాడు.

కోపం తగ్గినాక, అదే రోజు కాకపోవచ్చు, ఇంకొక మాట ఆయన చెవిన వేయండి. చైనాలో లూగూ సరస్సు ఒడ్డున మొసువో అనే జనం ఉన్నారు, వాళ్లలో అక్కచెల్లెళ్ల పిల్లల్ని పెంచేది మేనమామలే. ట్రోబ్రియాండ్ దీవుల్లో కూడా పిల్లవాడి మీద పెత్తనం తండ్రి కంటే మేనమామదే. ఆ ముచ్చట ఆయనకు చెప్పాలని కాదు, మేనమామ గొప్పతనం పెండ్లితోనే రాదని మీకు ధైర్యం రావాలని రాశాను. ఆయనకు చెప్పాల్సింది మన పెండ్లి పందిట్లోనే ఉంది. పెండ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి తెచ్చేది మేనమామ. ఆయనే వియ్యంకుడైతే అటు వరుసలో కూర్చుంటాడు, ఆ గంప ఎత్తడానికి ఇంకెవరినో వెతకాలి. ‘నా బిడ్డ గంప నువ్వే ఎత్తాలె అన్నా’ అంటే ఆ మనిషి కరగడని నేననుకోను. వెంటనే కరగకపోవచ్చు.

ఇంకొకటి, ఆ మిర్యాలగూడ పిల్లగాన్ని ఎవరన్నా అడిగారా? ఉత్తరమంతా చూశాను, ఆయన మాట ఒక్కటీ లేదు. ఓణీల ఫంక్షన్ నాడు ఆయన కూడా చిన్నవాడే, పెద్దవాళ్లు అన్న మాట మోసుకుంటూ వచ్చాడు. ఆయనకు ఇష్టమే అయితే ఆ బాధ నిజమైనది, మీ బిడ్డ ఫోన్ చేసి మర్యాదగా తనే చెప్పాలి, మీ నోటి నుంచి కాదు. ఇష్టం లేకపోతే, వాళ్ల నాన్నను ఒప్పించేది ఆయనే అవుతాడు. నా దగ్గరికి వచ్చిన ఇట్లాంటి ఇండ్లలో పిల్లగాడు లోలోపల ఊపిరి పీల్చుకోవడం ఒకటి రెండు సార్లు చూశాను.

వదిన దగ్గర ఇప్పుడే బతిమాలొద్దు. నలుగురిలో ‘కోడలు’ అని చెప్పుకున్నది ఆమె కూడా, చుట్టాల ముందు మొహం చెల్లక మాట్లాడుతలేదు. కొన్ని నెలలు పడుతుంది. వచ్చే బతుకమ్మకు కూడా అన్న రాకపోతే, పిలవలేదని ఇంట్లో కూర్చోకుండా మీరే బస్సెక్కి పొండి. ఒడిబియ్యం పోయకపోయినా తల్లిగారి వాకిట్లో బతుకమ్మ ఆడటానికి ఎవరి పిలుపూ అక్కర్లేదు.

అప్పు కాగితం మాత్రం పండుగ దాకా ఆపొద్దు, ఈ నెలలోనే రాయండి. ఎంత తీసుకున్నది, ఏ నెలకు ఎంత కట్టేది రాసి, మీ ఆయన సంతకం మొదట పెట్టించండి, దాని కింద మీది.