దురద తగ్గినా మందు మానకు

అమ్మలూ,

"లైకెన్ స్క్లెరోసస్ అన్నారు పిన్నీ, నెట్‌లో చూస్తే క్యాన్సర్ అని ఉంది" అంటూ నిన్న ఫోన్‌లో ఏడ్చావు. పదకొండేళ్లుగా నాకూ అదే జబ్బు, జననాంగం దగ్గర చర్మం తెల్లబడి దురదపెట్టేది. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. నీకు ముందే చెప్పి ఉంటే ఇంత భయపడేదానివి కాదు.

ఇది అంటుకునేది కాదు. మీ ఆయన వల్లో, శుభ్రం లేకో వచ్చిందీ కాదు. మన ఒంట్లోని రోగనిరోధక శక్తే మన చర్మం మీద తిరగబడటం వల్ల వస్తుందని డాక్టర్లు అనుకుంటున్నారు.

క్యాన్సర్ భయం వట్టిదని మాత్రం అనను. ఈ జబ్బున్న ఆడవాళ్లలో నూటికి ఐదుగురిలోపే అక్కడ క్యాన్సర్ వస్తుంది. ఏళ్ల తరబడి చల్లారని వాపు ఉన్న చర్మం మీదే అది ఎక్కువగా మొదలవుతుంది. అందుకే ఆ వాపును అణచి ఉంచాలి. ఆస్ట్రేలియాలో 507 మందిని ఏళ్లపాటు గమనించి 2015లో ఫలితాలు రాశారు. చెప్పినట్టు మందు రాసుకున్నవాళ్లలో ఒక్కరికీ క్యాన్సర్ రాలేదు. సరిగ్గా రాసుకోని 150 మందిలో ఏడుగురికి క్యాన్సరో, దాని ముందు దశో కనిపించింది.

నాకు మొదట మూడేళ్లు ఫంగస్ అని క్రీములు రాశారు. అసలు జబ్బు తెలిసి క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ మొదలుపెట్టాక రెండు నెలల్లో దురద పోయింది. హమ్మయ్య అనుకుని మానేశాను. ఏడాదికల్లా చర్మం మళ్లీ తెల్లబడి, చీలికలు వచ్చి, కూర్చోవాలంటే ఏడుపొచ్చేది. నువ్వు అలా చేయొద్దు. మామూలుగా ఒక నెల రోజూ రాత్రి, తర్వాతి నెల రోజు విడిచి రోజు, ఆపైన వారానికి రెండుసార్లు రాయమంటారు. నీ డాక్టర్ ఎలా చెబితే అలా చెయ్యి. స్టెరాయిడ్ అని ఎవరో భయపెడితే ఆపేయకు. వేలికొసంత చాలు, 30 గ్రాముల ట్యూబు మూడు నెలలు రావాలి.

అక్కడ సబ్బు, యాంటీసెప్టిక్ నీళ్లు వద్దు.

నెలకోసారి తలుపేసుకుని చేతిఅద్దంలో చూసుకో. మొదటిసారి నాకు చేతులు వణికాయి, ఇప్పుడు అలవాటైంది. మానని పుండు, గట్టి గడ్డ, మందం కట్టిన మచ్చ, రక్తం, వీటిలో ఏది కనిపించినా తర్వాతి చెకప్ దాకా ఆగకు. ముక్క పరీక్ష చేద్దామంటే ఒప్పుకో. అక్కడి వరకే మత్తు ఇచ్చి చిన్న చర్మం ముక్క తీస్తారు, అంతే. ఏమీ లేకపోయినా ఏడాదికోసారైనా చూపించుకో.

మొదటి చెకప్‌కి నేనూ వస్తాను. తారీఖు చెప్పు.

మీ పిన్ని