నీళ్లు తాగితే దగ్గు వస్తుంటే గుడ్లు మానిపించడం పరిష్కారం కాదు

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. ఎనిమిది నెలలుగా కుడిచేతి పట్టు తగ్గుతోంది. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నారు. తిమ్మిరి లేదు, కానీ భుజంలో కండ అదురుతూ ఉంటుంది. మెడ ఎముకలు అరిగాయని ఒకరు చెబితే మర్దన చేయించాం, తర్వాత తెలిసినవారు ఇచ్చిన భస్మం మూడు నెలలు వాడాం. కిందటి నెల న్యూరాలజిస్టు మోటార్ న్యూరాన్ వ్యాధి (కండరాలను కదిలించే నరాల కణాలు నశించే జబ్బు) అనే అనుమానం ఉందని నరాల పరీక్ష రాశారు. భయపడి ఇంకా చేయించలేదు. ఈ జబ్బులో ప్రొటీన్లు సరిగా మడత పడక నరాల్లో ముద్దకడతాయని చదివి గుడ్లు, చేపలు, పప్పు మానిపించాం. ఆరు కిలోలు తగ్గారు. ఆ ముద్దలను కరిగించే మందు ఉందా? పసుపు మాత్రలు పనిచేస్తాయా? ఇది మాకూ వస్తుందా? ఈమధ్య నీళ్లు తాగేటప్పుడు దగ్గు కూడా వస్తోంది.
- ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: మీరు ఆఖరి వాక్యంలో రాసి వదిలేసిన విషయంతోనే మొదలుపెడతాను. నన్ను ముందుగా కలవరపెట్టింది ఆ దగ్గే. మింగే కండరాలు నీరసించినప్పుడు సాధారణంగా ముందు దారి తప్పేవి పల్చని ద్రవాలే. అవి ఊపిరితిత్తుల్లోకి వెళితే న్యుమోనియా వస్తుంది. డాక్టరును కలిసేదాకా ఆయన నిటారుగా కూర్చుని, గడ్డం కాస్త కిందికి వంచి, చిన్న గుక్కలుగా తాగాలి. ఆ సమయంలో మాట్లాడించవద్దు, పడుకుని ఉండగా గ్లాసు అందించవద్దు. చారు, పల్చటి మజ్జిగ కంటే చిక్కటి జావ నయం. జ్వరం, ఆయాసం ఉన్నా, వెల్లకిలా పడుకోలేకపోతున్నా, పొద్దున లేవగానే తలనొప్పి, మగత కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.

ఇక ఆరు కిలోల సంగతి. గుడ్లు, చేపలు, పప్పు ఈరోజే మళ్లీ మొదలుపెట్టండి. తిన్న ప్రొటీన్ పేగుల్లోనే విడిపోయి అమైనో ఆమ్లాలుగా రక్తంలో కలుస్తుంది. నరాల కణం తనకు కావలసిన ప్రొటీన్లను తన జన్యువుల ప్రకారం తానే తయారుచేసుకుంటుంది. కంచంలోని గుడ్డు వెళ్లి వెన్నుపాములో ముద్దకట్టదు. పైగా ఈ జబ్బే అయితే, బరువు తగ్గేవారిలో అది త్వరగా ముదురుతుంది. మంచి ఉద్దేశంతోనే చేశారు, కాదనను. కానీ కండ కరుగుతున్న మనిషికి కండ పెట్టే తిండి మానిపించారు. చేపకు ముళ్లన్నీ తీసి, పులుసుతో అన్నంలో మెత్తగా కలిపి పెట్టండి. మూత్రపిండాల సమస్య ఉంటే మాత్రం ఎంత ప్రొటీన్ ఇవ్వాలో ఆయన్ను చూసే డాక్టరును అడగండి.

మీరు చదివినది అబద్ధం కాదు, దానికి మీరు తీసుకున్న అర్థమే తప్పు. ఈ రోగుల్లో నూటికి 95 మందికి పైగా నరాల కణాల్లో ముద్దకట్టే ప్రొటీన్ పేరు టీడీపీ-43 (మన రాష్ట్రంలో ఈ పేరు చెప్పగానే నవ్వుతారు, పార్టీతో సంబంధం లేదు). ముద్దకట్టేది ఇదేనని 2006లో గుర్తించారు. మామూలుగా ఇది కణ కేంద్రకంలో ఉండి, జన్యువుల సందేశాన్ని మోసే ఆర్‌ఎన్‌ఏను సరిచూసే పని చేస్తుంది. జబ్బులో కేంద్రకం వదిలి, కణంలోనే దాని చుట్టూ ఉండే ద్రవంలోకి వచ్చి అక్కడ పేరుకుపోతుంది. లోపల జరగాల్సిన పని ఆగిపోతుంది, బయట చెత్త పెరుగుతుంది. నష్టం రెండు వైపులా. పాలల్లో వేసిన కాస్త తోడు గిన్నెనంతా మార్చినట్టు, మడత చెడిన ప్రొటీన్ పక్కనున్న మంచి వాటినీ తన దారికి తెచ్చుకుంటుందని ప్రయోగశాలల్లో చూశారు. అలాగని ఇది అంటుకునే జబ్బు కాదు, ఆయన తాగిన గ్లాసును వేరుగా పెట్టనక్కరలేదు. ఆ ముద్దలే కణాన్ని చంపుతున్నాయా, లేక అప్పటికే చనిపోతున్న కణంలో అవి మిగులుతున్నాయా అన్న వాదన ఇంకా సాగుతూనే ఉంది.

టీడీపీ-43 ముద్దలను మనిషిలో కరిగిస్తుందని రుజువైన మందు ఇప్పటికైతే లేదు. ఎస్‌ఓడీ1 అనే జన్యువులో లోపం ఉన్న కొద్దిమందికి టోఫెర్సెన్ అనే ఇంజెక్షన్‌ను 2023లో అమెరికా అనుమతించింది. వెన్నులోకి ఇచ్చే ఈ మందు ముద్దను కరిగించదు, ఆ జన్యువు ద్వారా తయారయ్యే ఎస్‌ఓడీ1 ప్రొటీన్ తయారీనే తగ్గిస్తుంది. జన్యు పరీక్షలో ఆ లోపం బయటపడితేనే దాని ప్రస్తావన. ఎక్కువమందికి వాడేది రిలుజోల్. అది జబ్బును నయం చేయదు, ఆయుష్షును కొన్ని నెలలు పొడిగిస్తుంది. కాలేయ పరీక్షలు చేయిస్తూ వాడాలి కాబట్టి, ఎవరో వాడుతున్నారని మందుల షాపులో మీరే కొనకండి. పసుపు మాత్రలు ఈ జబ్బుకు పనిచేస్తాయనడానికి నమ్మదగిన ఆధారం లేదు. కూరలో వేసే పసుపు వేరు, గాఢత పెంచి అమ్మే మాత్ర వేరు. ఆ మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్నవారున్నారు.

ఆ భస్మం గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. కొన్ని భస్మాల్లో సీసం ఉంటుంది. సీసం ఒంట్లో పేరుకుంటే తిమ్మిరి పెద్దగా లేకుండానే చేతి కండరాలు బలహీనపడతాయి, మణికట్టు వాలిపోతుంది. అంటే చేతి బలం తగ్గిందని ఇచ్చిన మందే చేతి బలాన్ని తగ్గించవచ్చు! ఆయన ఇబ్బంది దానివల్లే అనడం లేదు. ముందే మొదలైందని మీరే రాశారు. కానీ అసలు జబ్బేదో తేల్చాల్సిన సమయంలో ఇలాంటివి లెక్కను గజిబిజి చేస్తాయి. నా ఓపీకి వచ్చేవారిలో సగంమంది సంచిలో ఇలాంటి పొట్లం ఒకటి ఉంటుంది. అడిగితే తప్ప బయటకు తీయరు. వెంటనే ఆపండి.

న్యూరాలజిస్టు అనుమానం అన్నారు, నిర్ధారణ అనలేదు. ఉత్తరం చదివి నేనూ చెప్పలేను. ఆయన అరచేతిని వెలుతురులో పెట్టి చూడండి: బొటనవేలి మొదట్లోని కండ పల్చబడిందా? చేతి వెనక, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుంట పడిందా? నాలుక బయటికి చాపకుండా నోట్లోనే ఉంచితే దానిమీద సన్నటి కదలికలు కనిపిస్తున్నాయా? చూసింది డాక్టరుకు చెప్పండి, మీరే తీర్పు ఇచ్చుకోకండి. యాభై దాటిన చాలామంది మెడ ఎక్స్‌రేలో అరుగుదల కనిపిస్తుంది, ఆ మాట పట్టుకుని నెలలు గడిపేస్తారు. చేయి నీరసించడానికి మెడ కారణం కావచ్చు గానీ, నీళ్లు పొలమారడానికి సాధారణంగా కాదు. అందుకే మీ కేసు తేలిగ్గా తీసుకోలేకపోతున్నాను. ఇలాగే కనిపిస్తూ చికిత్సకు లొంగే జబ్బులూ ఉన్నాయి. మల్టీఫోకల్ మోటార్ న్యూరోపతి అనే నరాల జబ్బులో ఇమ్యునోగ్లోబ్యులిన్ (యాంటీబాడీల ఇంజెక్షన్) ఇస్తే చేతి బలం చాలావరకు తిరిగి రావచ్చు. వాటిని విడదీసేది మీరు భయపడి వాయిదా వేసిన ఆ పరీక్షే. అందులో భాగమైన ఈఎంజీలో (కండరాల్లోని విద్యుత్ స్పందనను చూసే పరీక్ష) సన్నటి సూది గుచ్చుతారు, నొప్పి కాసేపే. దాంతోపాటు మెడ ఎమ్మారై, థైరాయిడ్, బీ12 పరీక్షలు, ఊపిరి బలం కొలిచే పరీక్ష అవసరం కావచ్చు. ఖర్చు గురించి వెనకాడుతుంటే విశాఖలోని ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో న్యూరాలజీ ఓపీ ఉంది. పొద్దున్నే వెళ్లండి.

మీకు వస్తుందా అన్నదానికి: దాదాపు 90 శాతం మందిలో కుటుంబంలో మరెవరికీ ఉండదు. ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి నీరసమో, చిన్న వయసులో మతిమరుపో ఉంటే డాక్టరుకు చెప్పండి. జన్యు పరీక్ష సంగతి ఆయనకు నిర్ధారణ అయ్యాక మాట్లాడుకోవచ్చు.

ఈ వారంలోనే వెళ్లండి. పాత రిపోర్టులతో పాటు ఆ భస్మం పొట్లం పారేయకుండా తీసుకెళ్లి, ఎంత మోతాదులో, ఎన్నాళ్లు వాడారో దాచకుండా చెప్పండి. రక్తంలో సీసం ఎంతుందో చూడాలా వద్దా అన్నది వారు నిర్ణయిస్తారు.