చివరి ర్యాంకును చూసి కళాశాలను ఎంచుకోవచ్చా?

ప్రశ్న: ఈఏపీసెట్‌లో మా అమ్మాయికి వచ్చిన ర్యాంకుకు రెండు కళాశాలల్లో కంప్యూటర్ సైన్స్ సీటు రావచ్చు. మొదటిదానిలో నిరుడు కన్వీనర్ కోటా సీట్లు మంచి ర్యాంకుల దగ్గరే నిండిపోయాయి గాని, జాతీయ ర్యాంకుల జాబితాలో దాని పేరు లేదు. రెండోది జాబితాలో ఉంది గాని, చివరి ర్యాంకు (ఆఖరి సీటు దక్కినవారి ర్యాంకు) చాలా దూరం పోయింది. సీటు కష్టంగా దొరికేదే మంచి కళాశాల అని మా తోడల్లుడు అంటున్నారు. దేనిని నమ్మాలి?
– ఒక తండ్రి, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: మీ తోడల్లుడు గారి మాటలో సగం నిజముంది. చురుకైన తోటి విద్యార్థుల మధ్య చదవడం మేలే; అటువంటివారు చేరేచోటికి కంపెనీలు వస్తాయి, కంపెనీలు వచ్చేచోటికే మళ్లీ వారు చేరతారు. అయితే చివరి ర్యాంకు తెలిపేది ఆ సీటును ఎందరు కోరుకున్నారన్నదే గాని, లోపల పాఠం ఎలా సాగుతుందన్నది కాదు. ఫీజు, ఇంటికి దూరం, బ్రాంచి మోజు, రిజర్వేషన్ వర్గం అన్నీ ఆ అంకెలో కలిసిపోయి ఉంటాయి. కళాశాల మరో రెండు సెక్షన్లు తెచ్చుకుంటే, బోధన ఏమీ మారకపోయినా చివరి ర్యాంకు దూరం జరుగుతుంది.

ఇక జాబితా. కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి వెలువరిస్తున్న జాతీయ ర్యాంకుల జాబితా ఎన్ఐఆర్ఎఫ్‌లో ఇంజినీరింగ్ విభాగానికి బోధన వనరులకు 30, పరిశోధనకు 30, పట్టభద్రుల ఫలితాలకు 20, అన్ని వర్గాలకూ అవకాశం కల్పించినందుకు 10, పేరుప్రతిష్ఠలకు 10 మార్కులుంటాయి. ప్రవేశ ర్యాంకుకు విడిగా మార్కులు లేవు. దరఖాస్తు చేయని కళాశాల అందులో కనిపించదు కాబట్టి, పేరు లేకపోవడమే లోపం కాదు. బ్రిటన్‌లో కంప్లీట్ యూనివర్సిటీ గైడ్ వంటి జాబితాలు మాత్రం చేరినవారికి పాఠశాల చివరి పరీక్షల్లో వచ్చిన సగటు ప్రవేశ పాయింట్లను కూడా లెక్కలో కలుపుతాయి. అక్కడ ప్రవేశం కష్టమైన విశ్వవిద్యాలయం పైన కనిపించడంలో వింత లేదు, ఆ కష్టానికే మార్కులు పడ్డాయి మరి. మన ఊరి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి కట్టమంచి రామలింగారెడ్డి, సర్వేపల్లి రాధాకృష్ణన్ గార్లు ఉపకులపతులుగా ఉన్న కాలంలో పేరు వచ్చింది. అప్పుడు ఎంసెట్టూ లేదు, ర్యాంకుల జాబితాలూ లేవు.

మీరు చూడవలసినవి వేరే ఉన్నాయి. రెండో కళాశాల ఎన్ఐఆర్ఎఫ్‌కు సమర్పించిన వివరాలు దాని వెబ్‌సైటులోనే ఉండాలి. ఎందరు చేరారు, ఎందరు గడువులోగా పూర్తిచేశారు, ఉద్యోగాలు వచ్చినవారి మధ్యస్థ జీతమెంత (సగం మందికి అంతకన్నా ఎక్కువ, సగం మందికి తక్కువ వచ్చే జీతం) అన్నవి అందులో చదవండి. అయితే అవి కళాశాల స్వయంగా ఇచ్చుకున్న అంకెలని మరువకండి. మొదటిదానిలో కంప్యూటర్ సైన్స్ కోర్సుకు, సాంకేతిక కోర్సుల నాణ్యతను పరిశీలించే జాతీయ సంస్థ ఎన్‌బీఏ గుర్తింపు ఉన్నదో లేదో కనుక్కోండి. ఆ గుర్తింపు కళాశాల మొత్తానికి కాక కోర్సుకు ఇచ్చేది. పనిదినాన అమ్మాయితో రెండుచోట్లకూ వెళ్లి, మూడో సంవత్సరం విద్యార్థులను పలకరించండి. నచ్చినదానిని వెబ్ ఆప్షన్లలో ముందు పెట్టండి. అది రాకపోతే తర్వాతి ఆప్షన్‌కు అమ్మాయి ర్యాంకునే చూస్తారు గనుక, ముందు పెట్టినందువల్ల రెండోదానికి నష్టమేమీ లేదు.