థ్రిల్లర్‌లో భయపెట్టేది బొమ్మా, సౌండా?

ప్రశ్న: నమస్తే అండీ. మొన్న ఇంట్లో మా తమ్ముడూ నేనూ ఒక థ్రిల్లర్ చూస్తుంటే భయమేసి మ్యూట్ కొట్టా. అంతే, భయం మొత్తం పోయింది, ఎవరో అమ్మాయి టార్చ్ పట్టుకుని మెట్లు దిగుతోంది అంతే. మరి భయమంతా మ్యూజిక్కేనా, డైరెక్టర్ చేసిందేం లేదా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: చాలావరకు సౌండేనండీ, కానీ దాన్ని ఎక్కడ పెట్టాలి ఎక్కడ తీసెయ్యాలి అనేది తేల్చేది డైరెక్టరే కాబట్టి ఆయన్ని మరీ తీసిపారెయ్యకండి. కంటికి తెర మీద ఉన్నదే కనపడుద్ది, చెవికి ఆ హద్దు లేదు, పై గదిలో ఎవరో నడిచినా వెనక తలుపు కిర్రుమన్నా వినపడుద్ది. అందుకే మనిషిని చూపించకుండా సీన్‌లోకి తేవాలంటే సౌండ్‌తోనే తెస్తారు.

1975లో వచ్చిన హాలీవుడ్ సొరచేప సినిమా ‘జాస్’ చూడండి. సంగీత దర్శకుడు జాన్ విలియమ్స్ కట్టింది ముఖ్యంగా రెండు స్వరాలే, హార్మోనియంలో మధ్యలో నల్లమెట్టు లేని పక్కపక్క తెల్లమెట్లు రెండు ఉంటాయే, అవే, మెల్లగా మొదలై స్పీడ్ పెరుగుతా ఉంటాయి. సొరచేపని మొదట్లో అసలు చూపించరు, ఆ మ్యూజిక్ వస్తే అది వస్తున్నట్టు లెక్క. అసలు తెలివి ఇక్కడుంది: ఇద్దరు పిల్లలు ఉత్తుత్తి రెక్క పెట్టుకుని నీళ్లలో జనాన్ని హడలగొట్టే సీన్‌లో ఆ మ్యూజిక్ రాదు, అంటే సినిమా మనతో నిజాయితీగానే ఉందన్నమాట. అలా మనల్ని నమ్మించేసి, తర్వాత పడవ పక్కనే ఏ మ్యూజిక్కూ లేకుండా సొరచేప తల పైకెత్తుద్ది. మనం ఎగిరిపడేది సౌండ్ ఉన్నందుకు కాదు, లేనందుకు.

‘సైకో’ (1960)లో షవర్ కింద హత్య జరిగే సీన్‌కి డైరెక్టర్ హిచ్‌కాక్ అసలు మ్యూజిక్కే వద్దనుకున్నాడు, సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ మాట వినకుండా చేసి వినిపిస్తే ఒప్పేసుకున్నాడు. సినిమా మొత్తానికీ తీగవాద్యాలే, డప్పుల్లేవు బాకాల్లేవు, ఆ వయొలిన్లు పైస్థాయిలో కీచుమంటుంటే ఒళ్లు జలదరిస్తది. మూడేళ్లకే అదే హిచ్‌కాక్ ‘ది బర్డ్స్’లో మామూలు బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్కే పెట్టలేదు, పక్షుల అరుపుల్ని ఎలక్ట్రానిక్ వాయిద్యం మీద పుట్టించి వాటితోనే నడిపించేశాడు.

మనవాళ్లలో అయితే వంశీ ‘అన్వేషణ’ (1985) ఒక్కటి చాలు, ఇళయరాజా రీరికార్డింగ్ కోసమే మళ్లీ చూడొచ్చు. ఇప్పటి థ్రిల్లర్లతో నాకున్న గొడవ ఏంటంటే మొదటి సీన్ నుంచే ఢాం ఢాం అని బాదేస్తారు, ఇంటర్వెల్‌కే చెవులు అలవాటు పడిపోతాయి, ఇక అసలు హత్య జరిగేటప్పుడు ఎంత పెంచినా పెంచినట్టే ఉండదు. నిశ్శబ్దం పెట్టడానికి ధైర్యం కావాలి లెండి, విజయవాడ గాంధీనగర్ థియేటర్లో అలాంటి రెండు నిమిషాలు పెడితే పక్కోడి ఫోన్ రింగ్‌టోనే బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ అయిపోద్ది!

ప్రశ్న: థియేటర్లో గుండె అదిరిన సినిమా ఓటీటీలోకి వచ్చాక ఇంట్లో చూస్తే తుస్సుమంది. సౌండ్ ఏమైనా తగ్గించి వదులుతారా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: తగ్గించడం కన్నా మీ టీవీనే మింగేస్తుంది బ్రదర్. థ్రిల్లర్లలో కింద నుంచి సన్నగా ఒక గుర్‌ర్ లాంటి మోత నడుస్తా ఉంటది, చెవికి ఆనీ ఆనకుండా ఛాతీకి తగులుద్ది. థియేటర్లో దానికి విడిగా ఒక ఛానెలే ఉంది, 5.1 సౌండ్ అంటారే, అందులో 5 అంటే మామూలు ఛానెళ్లు, ఆ ‘.1’ ఇదే, సుమారు 120 హెర్ట్‌జ్ లోపు ఉండే లోతు సౌండ్‌కి. పల్చటి టీవీల్లో ఉండే చిన్న స్పీకర్లు ఆ లోతుకి దిగలేవు, కాబట్టి భయంలో సగం మీ ఇంటి దాకా రానేలేదు. సబ్‌వూఫర్ (ఆ లోతు సౌండ్ కోసమే ఉండే స్పీకర్) ఉన్న సౌండ్‌బార్ పెట్టుకోండి, లేదంటే మంచి హెడ్‌ఫోన్స్ చాలు. ఇంకోటి, టీవీ సెట్టింగ్స్‌లో ‘నైట్ మోడ్’ లాంటిది ఆన్‌లో ఉందేమో చూడండి, అది గుసగుసనీ అరుపునీ దాదాపు ఒకే ఎత్తుకి తెచ్చేస్తది, పక్కింటోళ్లకి మంచిదే గానీ థ్రిల్లర్‌కి కాదు. ఇంట్లో పెద్దవాళ్లు పడుకున్నాక హెడ్‌ఫోన్స్‌తో ట్రై చెయ్యండి, ఫ్యాన్ కూడా కాస్త తగ్గించి.