ఫ్యూజ్ పోకుండా హోల్డర్ కరుగుతుందంటే తప్పు జాయింట్‌లోనే

తమ్ముడూ, నువ్వు రాసింది ఇదీ: మిర్యాలగూడలో కారుకు ఆంప్లిఫయర్, బాస్ ట్యూబ్ పెట్టించినవ్. పాట గట్టిగ పెడితే బ్యాటరీ దగ్గర ఫ్యూజ్ హోల్డర్ చెయ్యి ఆనించలేనంత కాలుతుంది, ప్లాస్టిక్ మెత్తబడ్డది. లోపలి 60 ఆంపుల గాజు ఫ్యూజ్ మాత్రం పోలేదు. బిగించినాయన 80 వెయ్యమంటున్నడు.

80 వెయ్యకు. ఎన్నో ఏండ్లుగా నల్లగొండలో కార్ల వైరింగ్ పనే చేస్తున్న, అందుకే ఇంత గట్టిగ చెప్తున్న. బ్యాటరీ దగ్గర పెట్టే ఫ్యూజ్ ఆంప్లిఫయర్ కోసం కాదు, డిక్కీ దాక పోయే వైర్ కోసం. ఆ వైర్ ఎక్కడన్న ఒరుసుకొని బాడీకి తగిలితే, ఇన్సులేషన్ అంటుకునే లోపల ఫ్యూజ్ పోవాలె. ఫ్యూజ్ పెద్దది చేస్తే ఆ కాపలా పోతది. పైగా నీ వేడికీ దానికీ సంబంధమే లేదు. కరెంట్ నిజంగ ఎక్కువైతే ఫ్యూజ్ పోయేది. పోలేదంటే కరెంట్ 60ని పెద్దగ దాటుతలేదు, ఆ కరెంట్ పారే జాయింట్ బాగలేదు.

లెక్క చూడు. లూజ్ కాంటాక్ట్ దగ్గర 5 మిల్లీ ఓముల అడ్డు ఉందనుకో. 60 ఆంపులు పారితే అక్కడ 0.3 వోల్ట్ పడిపోతది, అంటే 18 వాట్ల వేడి. మనం వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దాదాపు అంత వేడి వేలెడు ప్లాస్టిక్ డబ్బీల పెడితే కరగక ఏంజేస్తది?

పోయిన ఎండాకాలం హాలియా దిక్కు నుంచి ఒక టూరిస్ట్ బండి అచ్చం ఇదే కంప్లైంట్‌తో వచ్చింది. గాజు ఫ్యూజ్ బయటికి తీస్తే ఒక చివర టోపీ తళతళ మెరుస్తుంది, ఇంకో చివరది నల్లగ మాడింది. మాడిన దిక్కు టోపీ లోపలి సోల్డర్ కరిగి గాజుకు చుక్కలెక్క అంటుకుంది. మధ్యల తీగ చెక్కుచెదరలేదు. ఆ దిక్కు స్క్రూ కింద వైర్ పట్టుకొని ఇట్ల లాగితే అట్ల ఊడొచ్చింది. పోగు ఒకటి బ్లేడుతో గీకితే పైన రాగి రంగు, లోపల తెల్లగ అల్యూమినియం. తక్కువ ధర కిట్లల్ల ఎక్కువగ వచ్చేది ఈ రాగి పూత వైరే. అదే మందం రాగితో పోలిస్తే కరెంట్‌కు దీని అడ్డు దాదాపు ఒకటిన్నర రెట్లు. ఇంకో గుణం ఏందంటే, స్క్రూ కింద నలిగి నలిగి మెల్లగ పలచబడి, బిగించిన జాయింట్ దానంతట అదే వదులైతది. ఇగ అక్కడ వేడి, వేడికి ఇంకా వదులు.

నీ దాంట్ల ఎక్కడుందో మల్టీమీటర్‌తో పట్టుకోవచ్చు. ఇంజన్ ఆన్‌ల ఉంచి, బాస్ ఆగకుండ ఉండే పాట కొద్దిసేపు గట్టిగ పెట్టు. మీటర్ డీసీ 2 వోల్ట్ రేంజ్‌ల పెట్టి ఒక ప్రోబ్ హోల్డర్‌కు వచ్చే వైర్ మీద, ఇంకోటి పోయే వైర్ మీద ఆనించు. 0.1 వోల్ట్ లోపల ఉంటే ఫికర్ లేదు. 0.2, 0.3 చూపిస్తే దొంగ దొరికినట్టే. తర్వాత వైర్ నుంచి స్క్రూకు, స్క్రూ నుంచి ఫ్యూజ్ టోపీకి ఒక్కో ముక్క కొలువు, ఏ జాయింటో తెలిసిపోతది. ప్రోబ్ జారి బాడీకి తగలకుండ చూసుకో.

రిపేర్ మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగిటివ్ తియ్యి. మెత్తబడ్డ హోల్డర్ మళ్ల వాడకు, దాని స్ప్రింగ్ పట్టు పోయి ఉంటది. వైర్ కొన నల్లబడ్డంత మేర కోసెయ్యి. గాజు ఫ్యూజ్ బదులు బోల్ట్ కింద బిగించే ఏఎన్‌ఎల్ ఫ్యూజ్ వెయ్యి, వైర్ కొసకు లగ్ (బోల్ట్ దూరే బొక్క ఉన్న లోహపు కొస) వేసి పెద్ద క్రింపింగ్ టూల్‌తో నొక్కించు. కొంతమంది పోగులకు సోల్డర్ పూసి స్క్రూ కింద పెడ్తరు, అది చెయ్యనియ్యకు. సోల్డర్ మెత్తన, కొన్నాళ్లకు నలిగి మళ్ల లూజ్ అయితది. హోల్డర్ బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపలే ఉండాలె, రేడియేటర్‌కు, ఎగ్జాస్ట్‌కు ఎడంగ. మే నెలల మన దిక్కు ఎండ 45 డిగ్రీలు దాటుతది, బానెట్ కింద ఇంకెంతో ఎక్కువ. ఫ్యూజుల రేటింగ్ 25 డిగ్రీల దగ్గర ఇచ్చేది, వేడికి అవి ఇంకా తక్కువే మోస్తయి.

వైర్ సంగతి కూడ తేల్చుకో. డిక్కీ దాక 5 మీటర్లనుకుంటే 60 ఆంపులకు అసలు రాగిది 16 చదరపు మిల్లీమీటర్లన్న ఉండాలె, 25 అయితే నిశ్చింత. కిట్‌ల వచ్చే 8 గేజ్ అంటే 8 చదరపు మిల్లీమీటర్ల పైచిలుకే, అది కూడ పూత వైర్ అయితే 60 ఆంపుల ఫ్యూజే దానికి పెద్దది. ఇప్పుడే వైర్ మార్చే పరిస్థితి లేకపోతే 40 ఫ్యూజ్ వేసుకొని ఆంప్లిఫయర్ గెయిన్ తగ్గించి నడుపు. బాస్ కొంత తగ్గుతది, తగ్గనియ్.

కొత్త జాయింట్ చేసినంక ఒక నెలకు బోల్ట్‌లు మళ్లోసారి బిగించి, ఆ మీటర్ రీడింగ్ ఇంకోసారి చూసుకో. జాయింట్లన్నీ బాగై, హోల్డర్ చల్లగనే ఉండి ఫ్యూజ్ పోతుంటే మాత్రం అది వేరే రోగం. అప్పుడు స్పీకర్ వైర్లు, ట్యూబ్ ఎన్ని ఓములదో చూడాలె.