టెక్ సందేహాలు: ఎక్సెల్ చెప్పే 1.96 నమ్మాలా, 2.13 నమ్మాలా?

సందేహం: మాది పర్లాకిమిడి. డిగ్రీ స్టాటిస్టిక్స్ ప్రాజెక్టు కోసం ఊళ్లో దొరికే 250 గ్రాముల జీడిపప్పు ప్యాకెట్లు 16 తూచాను. సగటు 248 గ్రాములు, ప్రామాణిక విచలనం (తూకాలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) 4. 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు సగటుకు అంచనా హద్దులు) కోసం ఎక్సెల్‌లో ‘కాన్ఫిడెన్స్.నార్మ్’ వేస్తే 1.96, ‘కాన్ఫిడెన్స్.టి’ వేస్తే 2.13 వస్తోంది. ఏది రాయాలి? ఇంటర్వెల్ అంటే రెండు సంఖ్యలు కదా, ఒకటే ఇస్తోందేంటి? వైవా దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ ఫంక్షన్ ఇచ్చేది ఇంటర్వెల్ కాదు, సగటు నుంచి అటూ ఇటూ ఎంత దూరం వెళ్లాలో అది. పేరు పెట్టినవాళ్లను అనాలి! ఆ సంఖ్యను 248లోంచి ఒకసారి తీసేయండి, ఒకసారి కలపండి. నార్మ్‌తో 246.04 నుంచి 249.96, టి తో 245.87 నుంచి 250.13 వస్తుంది.

తేడా గ్రాములో ఆరో వంతే. కానీ లేబుల్ మీది 250 ఎక్కడ పడిందో చూశారా? నార్మ్ లెక్కలో బయట. అంటే ‘సగటున తూకం తక్కువ’ అని రిపోర్టులో రాసేస్తారు. టి లెక్కలో లోపలే ఉంది, ఆ మాట అనడానికి మీ దగ్గరున్న ఆధారం చాలదు.

మీరు రాయాల్సింది టి. మొత్తం ప్యాకెట్ల ప్రామాణిక విచలనం ముందే తెలిసుంటేనే నార్మ్. మీ 4 ఆ 16 ప్యాకెట్ల నుంచే వచ్చింది, అదీ ఒక అంచనాయే. ఆ అనిశ్చితికి కూడా చోటిస్తూ టి ఇంటర్వెల్‌ను కాస్త వెడల్పు చేస్తుంది. డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేసిన గాసెట్, చిన్న శాంపిళ్లతో వచ్చే ఈ చిక్కుకే 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో దారి చూపించాడు. అదే 100 ప్యాకెట్లు తూచి, విచలనం ఇదే 4 వచ్చి ఉంటే నార్మ్ 0.78, టి 0.79 ఇచ్చేవి, గొడవే ఉండేది కాదు.

ఆ 4 ‘ఎస్‌టీడెవ్.ఎస్’తోనే (శాంపిల్‌కు వాడే విచలనం ఫంక్షన్) వచ్చిందా? ‘.పి’ వాడితే 3.87 వస్తుంది, అది మొత్తం ప్యాకెట్లన్నీ తూచినప్పుడు వాడేది, ఇక్కడ పనికిరాదు. కాన్ఫిడెన్స్ ఫంక్షన్ అడిగే మొదటి విలువ (ఆల్ఫా)గా 0.05 ఇవ్వాలి, అంటే నూటికి 95 పోగా మిగిలే 5 శాతం. 95 శాతం కదా అని 0.95 ఇచ్చేవాళ్లు చాలామంది, అప్పుడు జవాబు 0.06 దగ్గర తేలుతుంది.

వైవాలో 95 శాతం అంటే ఏంటని తప్పకుండా అడుగుతారు. 95 శాతం ప్యాకెట్లు ఈ హద్దుల్లో ఉంటాయని మాత్రం చెప్పకండి. ఇలాగే మళ్లీ మళ్లీ శాంపిల్ తీసి ఇంటర్వెల్ కడుతూ పోతే, నూటికి సుమారు 95 ఇంటర్వెళ్లలో అసలు సగటు చిక్కుతుందని అర్థం. 16 ప్యాకెట్లూ ఒకే దుకాణంలో, ఒకే పెట్టెలోంచి తీసుకున్నారా? అలాగైతే అవి ఊళ్లోని ప్యాకెట్లన్నిటి తరఫునా మాట్లాడవు, ఏ ఫంక్షనూ మిమ్మల్ని కాపాడలేదు.

సందేహం: మాది రాయగడ. కాలేజీ ల్యాబ్‌లో ఎక్సెల్ లేదు, ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ మాత్రమే ఉంది. ఈ ఫంక్షన్లు అందులో ఉంటాయా?

జవాబు: ఉంటాయి, అవే పేర్లతో. ఫార్ములా ఎర్రర్ చూపిస్తే కామాల బదులు సెమికోలన్లు పెట్టి చూడండి.